సింగరేణి లాభము పంటయా, పొలమా?

సింగరేణి బొగ్గుగనుల కంపెనీవారు 2024–25 సంవత్సరపు లెక్కలు ముగించి, 2025 సెప్టెంబరు మాసమున, దసరా పండుగకు ముందు, కార్మికుల లాభవాటాను ప్రకటించిరి. ఆ సంవత్సరమున తీసిన బొగ్గు 6 కోట్ల 90 లక్షల టన్నులు. ప్రకటించిన మొత్తము లాభము రు. 6,394 కోట్లు. అందు రు. 4,034 కోట్లు ముందుకాలపు పెట్టుబడులకని వేరుచేసి, మిగిలిన రు. 2,360 కోట్లలో నూటికి 34 వంతులు కార్మికులదని నిర్ణయించిరి. ఖాయపు ఉద్యోగులకు సగటున తలకు రు. 1,95,610 ముట్టినది. కాంట్రాక్టు కూలీలకు తలకు రు. 5,500 ముట్టినది. వాటాను మొత్తము లాభముమీద కట్టక మిగులుమీద కట్టుట న్యాయము కాదని కార్మిక సంఘములవారు వాదించిరి. పెట్టుబడులు లేనిది కంపెనీ నిలువదని ప్రభుత్వమువారు బదులు చెప్పిరి. ఈ వాదప్రతివాదములలో ఇరుపక్షములవారును ఒక మాటను విచారింపకయే ఒప్పుకొనిరి. ఆ మాట ఏమనగా, ఈ రు. 6,394 కోట్లును లాభమే యని. మాకు సందేహము అక్కడనే కలుగుచున్నది.

రైతు పొలము దున్ని పండించిన ధాన్యమును అమ్ముకొని ఖర్చులు పోగా మిగిలినది లాభమనును. అదే రైతు పొలములో రెండు కుంటలు అమ్మి ఆ సొమ్మును కూడ లాభములో వ్రాసికొన్నచో ఊరివారు నవ్వుదురు. గని విషయమున ఎవ్వరును నవ్వుటలేదు. తీసిన బొగ్గు మరల పుట్టదు. టన్ను అమ్మిన ప్రతిసారియు పొలములో కొంత అమ్మినట్లే. న్యాయస్థానములలో తిరుగువారికి ఇది క్రొత్త మాట కాదు. మైనరు ఆస్తిని చూచుకొను సంరక్షకుడు గాని, సమష్టి కుటుంబపు కర్త గాని మూలధనమును ఇచ్చవచ్చినట్లు అన్యాక్రాంతము చేయరాదనియు, అవసరమో ఆస్తికి మేలో ఉన్నప్పుడే చేయవలెననియు 1856లో హనుమాన్ ప్రసాద్ పాండే వ్యాజ్యెమున ప్రీవీ కౌన్సిలువారు చెప్పినది మొదలు నేటివరకు న్యాయవాదులందఱికిని కంఠస్థము. నాలుగు ఎకరముల మాగాణికి ఇంత కట్టుబాటు విధించిన మనము, ప్రాణహిత గోదావరి లోయలో సుమారు 350 కిలోమీటర్ల పొడవున పరచుకొన్న నేలబొగ్గుకు ఏ కట్టుబాటును విధింపలేదు.

దీనికి మూలము కంపెనీ పుట్టుకలోనే కలదు. భూగర్భ పరిశోధక శాఖకు చెందిన డాక్టరు విలియం కింగు 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. ఆ కాలపు మనవారు దానిని రాకాసిబొగ్గు అనిరి. ఆ పేరు పెట్టినవారికి తరువాతి కథ తెలియకున్నను పేరు మాత్రము సరిపోయినది. 1886లో లండనులో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీకి నిజాం సంస్థానపు ఖనిజములపై 99 ఏండ్ల హక్కు దక్కినది. కంపెనీ మూలధనము పది లక్షల పౌనులు, పది పౌనుల వాటాలు లక్ష. అందు 85,000 వాటాలు పూర్తిగా సొమ్ము చెల్లినట్లు భావింపబడి, హక్కు సంపాదించిన వాట్సన్, స్టూవర్ట్ అను దొరల వశమైనవి. ఒక్క తట్టెడు బొగ్గు పైకి రాకముందే ఎనిమిదిన్నర లక్షల పౌనుల లాభము కాగితముమీద పంచుకొనబడినది. ఈ వాటాలనే నిజాం ప్రభుత్వముచేత ముఖవిలువకు మించిన ధరకు కొనిపించిన కథ బయటపడి, 1888లో బ్రిటిషు కామన్సు సభ విచారణ సంఘమును వేయవలసివచ్చెను. సంస్థానమున ఈ బేరము నడిపిన సర్దారు దిలేర్ జంగు అబ్దుల్ హక్ పదవి పోగొట్టుకొనెను. హక్కు మాత్రము కంపెనీకే నిలిచినది.

1889లో ఇల్లెందున గని పని ఆరంభమై తొలి యేట సుమారు 60 వేల టన్నుల బొగ్గు వెలువడినది. అదే 1889లో ఇంగ్లండున అప్పీలు న్యాయస్థానమువారు న్యూషటెల్ ఆస్ఫాల్ట్ కంపెనీ వ్యాజ్యెమున ఒక తీర్పు చెప్పిరి. స్విట్జర్లండులో ఆస్ఫాల్టు గని హక్కు గల ఆ కంపెనీ, గని నానాటికి తరిగిపోవుచున్నను ఆ తరుగుదలకు నిధి ఏర్పఱుపకయే వార్షికపు మిగులును వాటాదారులకు పంచవచ్చునని ఆ తీర్పు. తరుగు ఆస్తిని పండు ఆస్తివలె లెక్కవ్రాయుటకు చట్టపు ముద్ర పడినది ఆనాడే. లండను కంపెనీవారికి అది వరము. వారు మన ఊళ్లలో కాపురముండ వచ్చినవారు కారు. గని ఒట్టిపోయిన మఱునాడు పడవ ఎక్కువారికి ఇల్లెందు ఏమైనను ఒకటే. వారిని మేము ఇప్పుడు తప్పుపట్టి ప్రయోజనము లేదు. వారు పోయిన తరువాత కూడ వారి లెక్కల పుస్తకమునే మనము ఏల తిరగవేయుచున్నాము అన్నదే మా ప్రశ్న.

యజమానులు మారినమాట వాస్తవమే. 1920 డిసెంబరు 23న ఇప్పటి సింగరేణి కాలరీస్ కంపెనీ హైదరాబాదు చట్టము క్రింద ఏర్పడి పాత కంపెనీ ఆస్తిబాధ్యతలను స్వీకరించెను. 1945లో హైదరాబాదు ప్రభుత్వము వాటాలలో అధికభాగమును కొనెను. 1956లో అది ఆంధ్రప్రదేశమునకు సంక్రమించెను. 1960లో కేంద్ర ప్రభుత్వము భాగస్వామి ఆయెను. నేడు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51 వంతులు, కేంద్రమునకు 49 వంతులు. దేశమున తక్కిన బొగ్గుగనులు 1971–73 సంవత్సరములలో జాతీయములు కాగా, మన గనులు అంతకు పాతికేండ్ల ముందే ప్రజల సొత్తు అయినవని గర్వింపదగియున్నది. కాని సొంతదారు మారి పద్దు మారలేదు.

ఇక లాభనష్టములు ఎట్లు మారుచు వచ్చినవో చూతము. 1990 దశాబ్ది ఆరంభమున కంపెనీలో 1,16,000 మంది వరకు పనిచేయుచుండగా ఏటికి సుమారు రెండు కోట్ల టన్నుల బొగ్గు తీయబడుచుండెను. కంపెనీ నష్టములలో మునిగి 1992లో ఒకమాఱు, 1996లో మఱియొకమాఱు ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కినది. 1996–97 నాటికి పేరుకొన్న నష్టము రు. 1,219 కోట్లు. కార్మికులు సమ్మెలు చేసిచేసి కంపెనీని ముంచిరని ఆ దినములలో పెద్దలందఱు చెప్పిరి, నేటికిని చెప్పుచున్నారు. సమ్మెలు మిక్కుటముగా జరిగినమాట నిజము. కాని ఆ సంవత్సరములలో బొగ్గు ధరను నిర్ణయించినవారెవరు? 1945 నాటి కాలరీ నియంత్రణ ఉత్తరువు క్రింద కేంద్ర ప్రభుత్వమే నిర్ణయించెడిది. రైళ్లకును విద్యుత్కేంద్రములకును చవుక బొగ్గు కావలెను. ఆ చవుకదనపు ఖర్చు గనుల పద్దున నష్టముగా పడినది. ఈ నియంత్రణ 1996 మొదలు మేలురకములనుండి అంచెలంచెలుగా సడలి, 2000 జనవరి 1 నుండి అన్ని రకములకును తొలగిపోయినది. సింగరేణి లాభములలోనికి వచ్చినది 1997–98లో. ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి, నష్టమంతయు కూలివాని పాపము కాదనియు, తరువాతి లాభమంతయు అధికారుల పుణ్యము కాదనియు తోచకమానదు. కష్టపడి కంపెనీని నిలబెట్టిన అధికారులున్నారు. కార్మికులును 1998లో తొలిసారి రహస్య బ్యాలెటున గుర్తింపు సంఘమును ఎన్నుకొని సమ్మెలను తగ్గించిరి. 1999–2000లో నూటికి 10 వంతులతో మొదలైన లాభవాటా ఆ సహకారమునకు ఫలమే. అయినను ధర చేసిన పనిని మఱువరాదు.

రెండవది త్రవ్వు పద్ధతి. పూర్వము కార్మికులు బాయి దిగి, తట్టా చెమ్మసు పట్టి బొగ్గు నింపెడివారు. 1970 దశాబ్ది మధ్యమున రామగుండమున ఓపెన్‌కాస్టు గని వచ్చినది మొదలు పైనేలనే పెళ్లగించి బొగ్గు తీయుట హెచ్చినది. నేడు భూగర్భ గనుల బొగ్గు మొత్తములో పదవ వంతుకైనను చేరదు. అట్టి బొగ్గు టన్నుకు పడు ఖర్చు అమ్మకపు ధరకు రెట్టింపు దాటినదని కంపెనీవారే చెప్పుచున్నారు. అనగా పాతబావుల నష్టమును ఓపెన్‌కాస్టుల మిగులు పూడ్చుచున్నది. ఖాయపు ఉద్యోగులు ఇప్పుడు 41 వేలు. తలకు తీసిన బొగ్గు 1990 దశాబ్ది ఆరంభమున ఏటికి 170 టన్నులుండగా నేడు 1,680 టన్నులైనదని చూచి పదింతల సామర్థ్యమని పొగడుకొందుము. వాటా ప్రకటించినప్పుడు లెక్కకు వచ్చిన 30 వేల కాంట్రాక్టు కూలీలను కూడ కలిపిన యెడల తలకు 970 టన్నులే అగును. పదింతలు ఆరింతలకు లోపలికి దిగినది. తక్కినది సామర్థ్యము కాదు, పేర్లు ఒక పుస్తకమునుండి మఱియొక పుస్తకమునకు మారుట. సామర్థ్యపు లెక్కకు కనబడని ఈ 30 వేల మందియు లాభపు పంపకమున తలకు రు. 5,500తో మాత్రము కనబడిరి. ఖాయపు ఉద్యోగి వాటాలో ఇది ముప్పదియైదవ వంతు. పనియు దుమ్మును ఒకటే.

ఓపెన్‌కాస్టు చవుక యనుటకు ఇంకొక కారణము కలదు. టన్ను బొగ్గునకు సుమారు ఆరు ఘనమీటర్ల మట్టిని తీసి పోయవలెను. ఆ మట్టి గుట్టలై నిలిచినది. గోదావరిఖని, మణుగూరు, భూపాలపల్లి ప్రక్కలకు పోయినవారు ఆ గుట్టలను చూచియేయుందురు. పేలుళ్లకు బీటలిచ్చిన ఇండ్లు, ఎండిన బావులు, ఊరు విడిచిన కుటుంబములు కంపెనీ ఖర్చు పద్దులో పరిహారము ఇచ్చినంతమేరకే కనబడును. ఇవ్వనిది ఎవరి పద్దులోను లేదు, దానిని భరించువారు మాత్రము కలరు. బాయిలోని చావుల మాటయు అంతే. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు విరుచుకొనిపడి 17 మంది కార్మికులు మునిగి చనిపోయిరి. అదే సంవత్సరపు చిట్టాలో కంపెనీకి లాభమే.

గని మూతపడిన పిమ్మట ఏమగునో తెలిసికొనుటకు ఇంగ్లండుదాక పోనక్కరలేదు. బెల్లంపల్లికి పోయిన చాలును. ఒకప్పుడు కోల్‌బెల్టుకే తలమానికమైన పట్టణమది. బావులు ఒకటొకటిగా మూతపడగా, కంపెనీ ఆఫీసులును ఉద్యోగులును ఇతర ప్రాంతములకు తరలగా, 2001 జనాభా లెక్కకును 2011 లెక్కకును నడుమ దేశమున పట్టణములన్నియు పెరుగుచున్న వేళ బెల్లంపల్లి తరిగినది. అక్కడి నేలనుండి పోయిన బొగ్గు మద్రాసు రైళ్లను నడిపినది, విజయవాడ దీపములు వెలిగించినది. ఆ బొగ్గు ధరలో బెల్లంపల్లి పేరిట మిగిలిన నిధి యెంత? ఏమియు లేదు.

గనుల మూసివేతకు కేంద్ర బొగ్గు శాఖవారు నిబంధనలు చేసిరిగదా యని కొందఱు అందురు. చేసిరి. 2009లో ఓపెన్‌కాస్టునకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష రూపాయల లెక్కన వేఱు ఖాతాలో జమచేయవలెనని విధించిరి. తరువాత ఆ మొత్తములు హెచ్చినవి, జనుల జీవనోపాధి మాటయు చేరినది. కాని ఆ సొమ్ముకు ముఖ్యోద్దేశము గుంతను సరిచేయుట. గుంతచుట్టు నూరేండ్లుగా పెరిగిన పట్టణమును నిలబెట్టుటకు ఆ సొమ్ము యే మూలకు చాలును? 2015లో వచ్చిన జిల్లా ఖనిజనిధి ఇందుకే పుట్టినది గాని, ఆ సొమ్ము గని ఊళ్లను దాటి ఇతర పనులకు పోవుచున్నదను ఫిర్యాదు మన జిల్లాలలో పలుమాఱులు వినవచ్చినది. పైగా అది నేటి ఖర్చుకు ఉద్దేశింపబడిన సొమ్ము, రేపటికి దాచినది కాదు.

బ్రిటను 1913లో 28 కోట్ల 70 లక్షల టన్నుల బొగ్గు తీసినది. పదకొండు లక్షల మంది గనులలో పనిచేసిరి. 2015 డిసెంబరులో చివరి లోతుగని కెల్లింగ్లీ మూతపడినది. నడుమ వచ్చిన ధనమంతయు పాలకుల ఖర్చులోను వాటాదారుల పెట్టెలోను కలిసిపోగా, గని పల్లెలకు మిగిలినది నిరుద్యోగము. జర్మనీవారు వేఱొక దారి త్రొక్కిరి. 2007లోనే ఒక ధర్మనిధి సంస్థను ఏర్పఱచి, కంపెనీ ఆస్తులను దానికి అప్పగించి, గనులు మూసిన పిమ్మట ఎన్నటికిని తీరని ఖర్చులను, ముఖ్యముగా పాతగనులలో ఊరు నీటిని తోడు ఖర్చును, ఆ నిధి ఆదాయమునుండి భరించునట్లు కట్టుదిట్టము చేసిరి. 2018 డిసెంబరులో బాట్రోప్ వద్ద చివరి గని మూతపడునాటికి నిధి సిద్ధముగా నుండెను. బుద్ధిమంతుడు చావడి కూలకముందే వాసములు తెచ్చుకొనును.

క్రొత్త గనులు వచ్చినచో ఈ చింత ఎందుకని అనువారు కలరు. 2020 జూన్ మొదలు కేంద్ర ప్రభుత్వమువారు బొగ్గు బ్లాకులను వేలము వేయుచున్నారు. మన ప్రాంతపు కోయగూడెము, సత్తుపల్లి, శ్రావణపల్లి, కల్యాణఖని బ్లాకులు ఆ పట్టికకు ఎక్కినవి. మన నేలలోని బ్లాకులు మన ప్రజాసంస్థకే నేరుగా ఇయ్యవలెనని 2024లో రాష్ట్ర ప్రభుత్వము అడిగినది, మేమును అదే అందుము. ఒడిశాలోని నైని గని 2025 ఏప్రిలులో ప్రారంభమగుట కూడ సంతోషకరమే. కాని నైనిలో తీసిన బొగ్గు బెల్లంపల్లి అంగడివానికి ఏమి ఉపకరించును? క్రొత్తగని కంపెనీకి ఆయువు పోయును, పాత ఊరికి పోయదు. కంపెనీ వేరుచేసిన రు. 4,034 కోట్లును కంపెనీ ఆయువుకొఱకే. పైగా చిట్టాలోని లాభమంతయు చేతికి వచ్చిన సొమ్ము కాదు. విద్యుత్తు సంస్థలు వేల కోట్లు బాకీపడియున్నవి. పెట్టుబడికి అందవలసిన సొమ్ము వారి వద్దనే నిలిచియున్నది.

మా ప్రతిపాదన యిది. అమ్మిన ప్రతి టన్నుకు రు. 50 చొప్పున, లాభము కట్టకముందే, ఖర్చు పద్దున వ్రాసి, గని ప్రాంతపు శాశ్వతనిధి యని వేఱుంచవలెను. 2024–25 ఉత్పత్తిపై అది రు. 345 కోట్లు. మూలధనమును ముట్టరాదు. వడ్డీని మాత్రము, మూతపడిన బావులున్న పట్టణములలో విద్య, వైద్యము, త్రాగునీరు, చిన్న పరిశ్రమలకు వెచ్చింపవలెను. నిధి రాష్ట్ర ఖజానాలో కలియరాదు. ధర్మకర్తలలో కార్మికులు, అందును కాంట్రాక్టు కూలీలు, పురపాలక సంఘములవారు ఉండవలెను. ధర్మకర్తలు తప్పిన యెడల ఆ ఊరి యే పౌరుడైనను దావా వేయుటకు హక్కుండవలెను. హక్కు లేని నిధి ఎన్నికల నాటి పందిరికి గుంజయగును.

విద్యుత్తు ధర పెరుగునని ఆక్షేపింతురు. టన్ను బొగ్గుతో సుమారు 1,500 యూనిట్లు పుట్టును. యాబది రూపాయలు యూనిటుకు మూడు నాలుగు పైసలు. కేంద్ర ప్రభుత్వమువారు 2016 నుండి టన్నుకు రు. 400 సెస్సు వసూలుచేసిరి. 2025 సెప్టెంబరు 22 నుండి దానిని తీసివేసి, వస్తుసేవల పన్నును 5 నుండి 18కి హెచ్చించిరి. టన్ను ధర రు. 4,000 అయినచో పూర్వము పన్ను, సెస్సు కలిపి రు. 600, ఇప్పుడు రు. 720. పన్నుగా పడిన అదనపు నూట ఇరువది రూపాయలను కిక్కురుమనక మోసిన కొనుగోలుదారు, ఇల్లెందుకును బెల్లంపల్లికిని యాబది రూపాయలు మోయలేడా?

కార్మిక సోదరులు ఈ పద్ధతివలన తమ వాటా తగ్గునని వెఱవవచ్చును. రు. 345 కోట్లు ముందు తీసినచో నూటికి 34 వంతుల లెక్కన తగ్గునది రు. 117 కోట్లు, అనగా ఖాయపు ఉద్యోగికి తలకు ఇరువది ఎనిమిది వేల చిల్లర. అది చిన్న మొత్తమని మేము అనము. ఆ ఉద్యోగి బిడ్డలు గని మూసిన ఊరిలో ఉండవలసినవారే గనుక, ఈ మాటను సంఘముల సభలలో దాచక చర్చింపవలెనని మాత్రము కోరుచున్నాము. లేదా ప్రభుత్వములు తమ డివిడెండులోనుండి ఆ లోటు పూడ్చవచ్చును.

ఇందుకు మొదటిమెట్టుగా క్రొత్త చట్టము కొఱకు వేచియుండనక్కరలేదు. కంపెనీ వార్షిక సభలో ప్రత్యేకనిధిని ఏర్పఱచుటకు తీర్మానము చేయవచ్చును. నూటికి 51 వంతులున్న రాష్ట్ర ప్రభుత్వము చేయెత్తిన యెడల అది నెగ్గును. తరువాతి ప్రభుత్వములు దానిని చెఱుపకుండ శాసనసభలో చట్టము తెచ్చుట రెండవమెట్టు. గోదావరి తీరపు గని నియోజకవర్గముల సభ్యులు ఏ పక్షమువారైనను రాబోవు వార్షిక సభకు ముందుగా ఈ తీర్మానపు ముసాయిదాను కోరి తెప్పించుకొనవలెను. వారు కోరనిచో పఠనమందిరముల వారును, పట్టణ న్యాయవాదులును కలిసి ఆ ముసాయిదా తయారుచేసి వారి చేతికి ఇయ్యవచ్చును.